పాత ఎంఆర్‌ఐ ఫిల్ము పారేయొద్దు

‘‘మా నాన్నకూ నలభై ఐదేళ్లకే చెయ్యి, కాలు పడిపోయాయండీ. మా ఇంటికేదో శాపం ఉంది.’’

భావనపాడు తీరం నుంచి వచ్చే రోగులు ఇలా చెప్పినప్పుడు నేను వెంటనే మందుచీటీ రాయను. ఇంట్లో ఇంకెవరికి, ఏ వయసులో వచ్చిందో అడుగుతాను. పక్షవాతానికి ఎక్కువ మందిలో బీపీ, షుగర్, పొగతాగడమే కారణం. కానీ తరతరానా చిన్న వయసులోనే వస్తుంటే ‘కాడాసిల్‌’నూ అనుమానించాలి.

ఇది అరుదైన వంశపారంపర్య జబ్బు. నాచ్‌3 జన్యువులో లోపం వల్ల మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. ఈ సంగతి 1996లో బయటపడింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. కొందరిలో కళ్ల ముందు మెరుపులతో పార్శ్వపు తలనొప్పి మొదలవుతుంది. తర్వాత చిన్న చిన్న పక్షవాతాలు, కుంగుబాటు, మతిమరుపు రావచ్చు.

ఎంఆర్‌ఐ రిపోర్టులో ‘తెల్లమచ్చలు’ అని చూడగానే కుటుంబమంతా బెంబేలెత్తుతుంది. కణతల వెనక, మెదడు ముందు కొసల్లో కనిపించే మచ్చలు ఈ జబ్బును పట్టించడానికి బాగా పనికొస్తాయి. అది ఎంత ముదిరిందో చెప్పడానికి మాత్రం అవి చాలవు. మచ్చలు చాలా ఉన్నా తమ పని తాము చేసుకునేవారు ఉన్నారు. అసలు చూడాల్సింది లాక్యూన్లు. ఇవి 3 నుంచి 15 మిల్లీమీటర్ల చిన్న గుంటలు. వాటి సంఖ్య పెరగడం, మెదడు కుంచించుకుపోవడం నడక, ఆలోచన దెబ్బతినడాన్ని ఎక్కువగా సూచిస్తాయి. సూక్ష్మ రక్తస్రావాలుంటే రక్తాన్ని పలచబరిచే మందుల విషయంలో మరింత ఆచితూచి వ్యవహరించాలి.

ఈ మార్పులు తెలిసేది పాత ఫిల్ముతో పోల్చినప్పుడే. అందుకే ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు ఒకేచోట దాచండి. అలాగని నెలనెలా స్కాన్‌ అక్కర్లేదు. మా వైద్యులకూ ఒక మాట. నలభై ఏళ్ల మనిషి రిపోర్టులో ‘వయసుతో వచ్చిన మార్పులు’ అని రాసి సరిపెట్టడం తగదు. గుంటలెన్నో రాయాలి, కుటుంబ చరిత్ర అడగాలి.

ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. అయినా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. పొగ మానాలి, బీపీని అదుపులో ఉంచుకోవాలి. ఏ లక్షణమూ లేని పిల్లలకు జన్యు పరీక్షలు చేయించొద్దు. పెద్దలైనా ముందు జన్యు నిపుణులతో మాట్లాడాకే నిర్ణయించుకోవాలి.

శాపమనుకుంటే ఎవరూ ఆస్పత్రికి రారు. జబ్బని తెలిస్తే కనీసం తర్వాతి తరమైనా జాగ్రత్తపడుతుంది.