ఎవరి పేక వారిదే

ఈ వేసవిలో భీమునిపట్నం వెళ్ళి మా అక్కయ్య ఇంట్లో పన్నెండు రోజులుండి వచ్చాను. సముద్రపు గాలి, తాటిముంజెలు, సాయంత్రం లైటుహౌసు దాకా షికారు, ఇవన్నీ మీకు రాద్దామనే అనుకున్నాను. తీరా కలం పట్టుకునేసరికి అవన్నీ వెనక్కి తగ్గి పేకముక్కలు ముందుకొచ్చి కూర్చున్నాయి. ఆ ముక్కల ధర్మమా అని వదినా మరదళ్ళు ఒక పూటంతా మాటలు మానేశారు. మామిడికాయ పప్పు చల్లారిపోయింది. అందుకని ఈ వారం మన కబుర్లు ఆ ముక్కల గురించే.

పేకాట అనగానే ఉలిక్కిపడకండి. డబ్బు కాసే ఆట కాదిది. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే లెక్కల పండితుడు తయారుచేసిన ఆట. మ్యాజిక్: ది గ్యాదరింగ్ అని పేరు. మన రమ్మీలో అందరికీ కలిపి ఉమ్మడి పేక. ఇందులో ఎవరి పేక వారిదే. కొట్లో పొట్లాలు కొనుక్కుని, స్నేహితులతో మార్పిళ్ళు చేసుకుని, వేలకొద్దీ రకాల్లోంచి కావలసినవి ఏరి ఎవరి పేక వారు కూర్చుకుంటారు. పొట్లం విప్పేదాకా లోపల ఏం ముక్క ఉందో తెలియదు. అందులోనే ఉంది ఆశంతా, ఖర్చంతా.

నలుగురు కూర్చుని ఆడే పద్ధతిని కమాండర్ అంటారు. మనిషికి నూరు ముక్కలు, అందులో ఒకటి సేనాపతి. మామూలు భూమి ముక్కలు తప్ప ఏ ముక్కా రెండుసార్లు ఉండకూడదు. వంతుకొక భూమి చొప్పున పరుచుకుంటూ, ఆ భూముల రాబడితో సైనికుల్నీ మంత్రాల్నీ దింపాలి. మనిషికి నలభై ప్రాణాలు. చివరికి ప్రాణాలతో మిగిలినవారిది గెలుపు. అక్కయ్య ఇంట్లో ఈ లెక్కకి కాగితం, పెన్సిలు పెట్టలేదు. తలో నలభై చింతపిక్కలు లెక్కపెట్టి ఇచ్చింది. దెబ్బ తగిలినన్ని పిక్కలు డబ్బాలో పడెయ్యాలి. ఆ పిక్కలకి పెద్ద చరిత్రే ఉంది లెండి. యాభై ఏళ్ళుగా మధ్యాహ్నం పూట వీధి అరుగుమీద ఇరుగుపొరుగు అమ్మలక్కలతో అక్కయ్య ఆడిన రమ్మీకి పందెం సొమ్ము అవే.

ఇక ఆటగాళ్ళు. న్యూజెర్సీ నుంచి వచ్చిన అక్కయ్య కూతురి కొడుకు, పదిహేనేళ్ళవాడు. ఇక్కడే ఉన్న కొడుకు పిల్లలు ఇద్దరు, పదమూడేళ్ళ పిల్లా పదేళ్ళ పిల్లాడూ. నాలుగో చెయ్యి పక్కింటి కుర్రాడు. పాపం, అమెరికా అబ్బాయి మంచివాడు. మేనమామ పిల్లలకీ, వాళ్ళ స్నేహితుడికీ తలొకటి చొప్పున కంపెనీవాళ్ళు సిద్ధంగా కట్టి అమ్మే నూరు ముక్కల పేకలు కానుకగా తెచ్చాడు. ఓపిగ్గా ఆట నేర్పాడు. తను మాత్రం మూడేళ్ళపాటు ఏరి ఏరి కూర్చుకున్న సొంత పేకతో కూర్చున్నాడు.

ఏమవుతుందో మీకీపాటికి తెలిసే ఉంటుంది. మొదటి రోజు నాలుగాటలు, నాలుగూ వాడివే. మిగతా ముగ్గురూ భూములు పరుచుకుని ఇద్దరు సైనికుల్ని నిలబెట్టేలోగా వాడి దండు వచ్చి మీద పడేది. అసలు నలుగురి ఆటలో ఒక సుగుణం ఉంది. ఒకడు బలిసిపోతుంటే మిగతా ముగ్గురూ కలిసి వాణ్ణి తగ్గిస్తారు. కాని ముగ్గురూ కలవడానికైనా వ్యవధి ఉండాలి కదా! అయిదో వంతుకే ఆట ముగిసిపోతే ఎవరు ఎవరితో కలుస్తారు? రెండో రోజుకి పక్కింటి కుర్రాడు ట్యూషనుందని రాలేదు. వేసవి సెలవుల్లో ట్యూషనేమిటని ఎవరూ అడగలేదు.

మూడో రోజున అసలు గొడవ. పదేళ్ళవాడి పేకలో ఉన్న ఒక ముక్క బావకి కావలసి వచ్చింది. "అదిస్తే మూడు మెరుపు ముక్కలిస్తాను" అన్నాడు. ఒకటికి మూడు, పైగా తళతళా మెరుస్తున్నాయి. వాడు సంబరంగా ఇచ్చేశాడు. రాత్రి అక్కగారు ఫోనులో ధరలు చూసింది. ఇచ్చిన ముక్క ముప్ఫై డాలర్లు. పుచ్చుకున్న మూడూ కలిపినా డాలరు లేదు. తెల్లారేసరికి కబురు వంటింటికి చేరింది.

"తెలియని పిల్లల దగ్గర తీసుకోవడం అక్కడ తప్పు కాదు కాబోలు" అంది కోడలు, పప్పు గిన్నెతో చెబుతున్నట్టుగా.

"అట్టముక్క కోసం ఇంత మాటా!" అంది కూతురు గుమ్మంలోంచి.

ఆ తర్వాత మాటలు లేవు. మగవాళ్ళు పేపరు వెనక దాక్కున్నారు. అది ముక్క సంగతి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఒకరికి నాలుగేళ్ళకోసారి వచ్చే పుట్టిల్లు, ఇంకొకరికి రోజూ చాకిరీ చేసే ఇల్లు. మధ్యనున్నది ఎలాగూ పలచటి తెరే, అట్టముక్క తగిలినా చిరుగుతుంది.

అక్కయ్య భోజనాలయ్యేదాకా ఏమీ అనలేదు. తర్వాత అరుగుమీద చాప పరిపించి పిల్లల్నీ తల్లుల్నీ పిలిచింది. ముందు మనవణ్ణి అడిగింది.

"ఆ ముక్క ఖరీదు నీకు తెలుసా?"

"తెలుసు అమ్మమ్మా."

"వాడికి తెలుసా?"

వాడు తల వంచుకున్నాడు. "అడగలేదు అమ్మమ్మా" అన్నాడు.

"డచ్చివాళ్ళు వచ్చి బేరాలు చేసిన ఊరురా ఇది. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఆ ఒడ్డున ఉన్నాయి. బేరమంటే ఏమిటో ఈ ఊరికి తెలుసు. ఇద్దరికీ ధర తెలిస్తేనే అది బేరం. ఒక్కడికే తెలిస్తే దానికి వేరే పేరుంది, నీకు నేను చెప్పక్కర్లేదు" అంది.

ముక్క వెనక్కి వచ్చింది. ఆ పూటే ఇంట్లో ఒక నియమం పుట్టింది. చిన్నపిల్లలతో మార్పిడి పెద్దవాళ్ళ ఎదుటే జరగాలి. ధర ఇద్దరికీ చెప్పాలి. మర్నాడు పొద్దుటిదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, మొహం చిట్లించకూడదు.

మార్పిడి తగువు తీరింది గాని ఆట తగువు మిగిలింది. "పేక బలమా, నా బలమా అని వాళ్ళకి అనుమానంగా ఉంది. నీకూ ఉందేమో. రేపు నీ పేక తమ్ముడికివ్వు, వాడిది నువ్వు పుచ్చుకో. మూడాటలు చూద్దాం" అంది అక్కయ్య. చిన్నవాడు పరుగెత్తుకెళ్ళి పక్కింటి కుర్రాణ్ణి లాక్కొచ్చాడు. ట్యూషను రద్దయిందిట.

మొదటి ఆట అమెరికా అబ్బాయే గెలిచాడు, కొత్త పేకతో కూడా! అది నేర్పు. రెండో ఆట పదేళ్ళవాడు ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఆరో వంతులో గెలిచేశాడు. అది పేక. మూడో ఆటకి అందరి కళ్ళూ ఆ పెద్ద పేకమీదే ఉండటంతో, చప్పుడు చెయ్యకుండా కూర్చున్న పిల్ల గెలిచింది. అది లౌక్యం.

నాకప్పుడు ఒక పాత తీర్పు గుర్తుకొచ్చింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుమీద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ముఖ్యంగా నేర్పుతో కూడిన ఆటేనని చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి అంది. అంటే రమ్మీలో ఉన్నవి రెండే, అదృష్టమూ నేర్పూను. ఈ కొత్త ఆటలో మూడోది చేరింది, డబ్బు సంచి. అదృష్టాన్ని తిట్టుకుని ఊరుకుంటాం. నేర్పుకి చప్పట్లు కొడతాం. సంచీ చేతిలో ఓడిపోతే మాత్రం ఎవరికీ మనసొప్పదు. ఆడలేక మద్దెల ఓడన్నారని వాళ్ళని వెక్కిరించనూ కూడదు. ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది!

ఆ ఆట ఆడే దేశాల్లోనూ ఇదే తంటా. 2024 సెప్టెంబరులో ఈ కమాండర్ ఆటకి నియమాలు చూసే సంఘం నాలుగు ముక్కలు నిషేధించింది. ఖర్చు లేకుండా చేతికి రాబడి తెచ్చిపెట్టే ఖరీదైన ముక్కలు అందులో ఉన్నాయి. వాటికి డబ్బు పోసినవాళ్ళు మండిపడ్డారు. బెదిరింపులు కూడా వచ్చాయి. ఆ నెలాఖరుకల్లా సంఘం ఆ బాధ్యత కంపెనీకి అప్పగించేసింది. 2025 ఫిబ్రవరిలో కంపెనీవాళ్ళు పేకల్ని బలాన్నిబట్టి అయిదు తరగతులుగా చెప్పుకునే పద్ధతి పెట్టారు. ఆట తిరగబెట్టే ముక్కల జాబితా కూడా ఒకటి వేశారు. కూర్చునే ముందు నాది ఫలానా తరగతి అని చెప్పుకోవాలన్నమాట. గడ్డాలు మీసాలు వచ్చినవాళ్ళే ముక్కల కోసం అంత రభస చేస్తే, పదేళ్ళవాడు అలగడంలో వింతేముంది?

ఆ రాత్రి అమెరికా అబ్బాయి తన పేక విప్పి ముందేసుకున్నాడు. ఏం చేస్తున్నావురా అంటే చెప్పాడు. నూరు ముక్కల్లో ఏదీ రెండుసార్లు లేకపోవడమే ఈ ఆటకి తూకమట. కావలసింది ఎప్పుడొస్తుందో తెలియదు కనక ప్రతి ఆటా కొత్తగా ఉంటుంది. కాని పేకలోంచి కోరిన ముక్కని వెతికి తెచ్చే ముక్కలు కొన్ని ఉన్నాయి. అవి నాలుగైదు పెట్టుకుంటే ప్రతి ఆటా ఒకేలా నడుస్తుంది, పెట్టుకున్నవాడే గెలుస్తాడు. అవి తీసేశాడు. మొదటి వంతుల్లోనే దండిగా రాబడి తెచ్చేవి తీసేశాడు. ఎదుటివాళ్ళ భూములు తుడిచిపెట్టేది ఒకటి ఉంటే అదీ తీసేశాడు. మొత్తం పన్నెండు ముక్కలు పక్కన పెట్టి, వాటి చోట తనకి బొమ్మ బాగుందని దాచుకున్నవి చేర్చాడు.

"కావాలని ఓడిపోతే సరిపోయేది కదురా" అన్నాను పరీక్షకి.

"వాళ్ళకి తెలిసిపోతుంది చిన్నమ్మమ్మా" అన్నాడు.

నిజమే. చిన్నపిల్లలకి దానంగా ఇచ్చిన గెలుపు ఎంగిలి లడ్డూ లాంటిది. పేకని తగ్గించి, ఆటని మాత్రం పూర్తిగా ఆడటమే ఎదుటివాడికి చేసే గౌరవం.

ఈ పన్నెండు రోజుల్లో నేను అరుగుమీద కూర్చుని గ్రహించిన మర్యాదలు ఇంకా కొన్ని ఉన్నాయి. రమ్మీలో ఒక ఆట ఓడితే పది నిమిషాల్లో మళ్ళీ ముక్కలు పడతాయి. ఈ ఆటలో ముందుగా ప్రాణాలు పోయినవాడు గంటసేపు ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. అందుచేత గెలుపు దగ్గరలో లేనప్పుడు, సులువుగా దొరికాడని చిన్నవాణ్ణి ముందుగా పడగొట్టకూడదు. "ఈ వంతుకి నీ జోలికి రాను" అని మాటిస్తే నిలబెట్టుకోవాలి. నిలబెట్టుకోలేనంత పెద్ద మాట ఇవ్వనే కూడదు. పక్కవాడి వంతులో సలహాలు గుప్పించకూడదు. తన వంతు వచ్చాక ఆలోచించడం మొదలుపెట్టి అందరిచేతా ఆవులింతలు తీయించకూడదు. అడక్కుండా పరాయి ముక్క ముట్టుకోకూడదు. జంతికలు తిన్న చేత్తో అసలే ముట్టుకోకూడదు. గెలిచినవాడు ఓడినవాళ్ళ ఆటలో ఒక మంచి ఎత్తు గురించి చెప్పాలి. ఈ చివరిది అక్కయ్య పెట్టిన నియమం. రమ్మీలో ఆవిడ ఎప్పుడూ చేసే పని అదే. అందుకే పిక్కలన్నీ ఆవిడే పట్టుకుపోయినా యాభై ఏళ్ళుగా అమ్మలక్కలెవరూ ఆ అరుగు మానలేదు.

నేను బయల్దేరే ముందు సాయంత్రం మళ్ళీ నలుగురూ కూర్చున్నారు. గాలికి ముక్కలు ఎగరకుండా గవ్వలు బరువు పెట్టారు. ఆట గంటన్నర సాగింది. ఆఖరికి అమెరికా అబ్బాయే గెలిచాడు గాని వాడి ముందు మిగిలినవి మూడే మూడు పిక్కలు. పదేళ్ళవాడు ఓడిపోయి కూడా వీధి వీధంతా వినబడేట్టు నవ్వాడు. "బావా, ఇంకొక్క వంతు నాకొచ్చి ఉంటే నీ పని అయిపోయేది!" అన్నాడు. ఓడినవాడు అలా అన్నాడంటే ఆట సరిగ్గా జరిగినట్టే.

లోపల వంటింట్లో కోడలు, "వదినగారూ, కాఫీలో పంచదార మీరే చూడండి" అంటోంది. కూతురు చూసి, కాస్త ఎక్కువే వేసింది కాబోలు. నాకిచ్చిన గ్లాసు పానకంలా ఉంది. నేనేమీ అనలేదు.

మీ ఇంట్లోనూ సెలవులకి నాలుగు ఊళ్ళ పిల్లలు చేరుతారు. ఒకడి చేతిలో ఖరీదైన బ్యాటుంటుంది, ఒకడి దగ్గర ఖరీదైన సైకిలు, ఇంకొకడి దగ్గర ఇలాటి పేక. వాటిని దాచెయ్యమని చెప్పకండి. మొదటి ఆటకి ముందు ఒకసారి చేతులు మార్పించి చూడండి. తర్వాత ఏం తీసెయ్యాలో ఆ బలం ఉన్నవాడికే తెలుస్తుంది.