వేట నిషేధంలో సర్వే

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, మోటారు పడవలు సముద్రంలో వేటకు వెళ్లకూడదు. డిగ్రీ కాలేజీలకు వేసవి సెలవులు వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21లో సవరించిన పాఠ్యక్రమం ప్రకారం, మొదటి ఏడాది ముగించిన విద్యార్థి 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. అందులో తొలి పని ఒక ఊరి సామాజిక, ఆర్థిక సర్వే. అందువల్ల నెల్లూరు తీరంలోని మైపాడుకో, ఇసకపల్లికో, తుమ్మలపెంటకో ఫారాలు పట్టుకుని వెళ్లిన పిల్లలు ‘పోయిన నెల మీ ఇంటికి ఎంత ఆదాయం వచ్చింది?’ అని అడిగితే, ఏడాది మొత్తంలో ఆ ప్రశ్న అడగకూడని రెండు నెలల్లోనే అడిగినట్టవుతుంది. జవాబు చెప్పేవాళ్లు అబద్ధం చెప్పరు. కొందరు సున్నా అంటారు, కొందరు నిషేధ భృతిని లెక్కలో కలుపుతారు. కానీ ఆ అంకెను పన్నెండుతో హెచ్చవేసి వార్షికాదాయం అని రాసేస్తే మాత్రం, అంతా నిజమే చెప్పిన ఊరి గురించి తప్పుడు పట్టిక తయారవుతుంది.

శిక్షణ లేని పిల్లలను ఊళ్ల మీదికి పంపడం వృథా అనేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. చిత్రమేమిటంటే, ఎదుటి పక్షానికీ ఇదే ఉదాహరణ పనికొస్తుంది. ఆ ఊరికి వెళ్లి ఉండకపోతే, అడిగే ప్రశ్నకు రుతువు అడ్డువస్తుందన్న సంగతే ఆ విద్యార్థికి తట్టేది కాదని వాళ్లు అంటారు. పరిశోధన పద్ధతులు, డేటా విశ్లేషణ విశ్వవిద్యాలయ చదువులో ఎక్కడ మొదలవ్వాలి, ఊరితోనా, గణాంక సూత్రాలతోనా అన్న వాదనలో ఏ పక్షాన్నీ తేలిగ్గా కొట్టిపారేయలేం.

క్షేత్రం ముందు అనేవారి వాదన వెనక ఒక పాత అసంతృప్తి ఉంది. చాలాకాలం ఈ పాఠం మనకు ఆలస్యంగా అందేది. పీజీలో రీసెర్చ్ మెథడాలజీ అని ఒక పేపరు, ఆ పైన యూజీసీ 2009 నిబంధనలతో పీహెచ్‌డీకి తప్పనిసరి అయిన కోర్స్‌వర్క్. పరికల్పనలు ఎన్ని రకాలు, శాంపిల్ ఎంపిక పద్ధతులు ఎన్ని అని నోట్సు బట్టీపట్టి వ్యాసాలు రాసినవారిలో చాలామంది ఒక వీధి ఇళ్ల జాబితా కూడా సొంతంగా రాసి ఎరగరు. పద్దెనిమిదేళ్లకే ఫారం చేత పట్టుకుంటే ఈ జబ్బు కొంతైనా తగ్గవచ్చు. పైగా 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల్లో చదివేవారిలో పల్లెల నుంచి వచ్చినవారు తక్కువేమీ కాదు. రొయ్యల చెరువు గట్టు మీద పెరిగిన పిల్లవాడికి, తనకు తెలిసిన విషయం మీద లెక్చరర్ కన్నా తనకే ఎక్కువ పట్టు ఉందని మొదటిసారి తెలిసివచ్చేది ఇలాంటి పనిలోనే.

కౌంటు సంగతి తీసుకోండి. రొయ్య ధర కౌంటును బట్టి ఉంటుంది. కిలోకు 40 తూగితే 40 కౌంటు, అంటే రొయ్య 25 గ్రాములు. కిలోకు 100 తూగితే 100 కౌంటు, అంటే 10 గ్రాములు. ఒక చెరువు 40లో, ఇంకో చెరువు 100లో పట్టారనుకుందాం. సగటు కౌంటు ఎంత? ఎవరైనా ఠక్కున 70 అంటారు. రెండు చెరువుల్లోనూ పట్టుబడి బరువు సమానమైతే ఆ జవాబు సరైనదే. రొయ్యల సంఖ్య సమానమైతే మాత్రం సగటు రొయ్య 17.5 గ్రాములు తూగుతుంది, అంటే దాదాపు 57 కౌంటు. దేన్ని బట్టి సగటు కడుతున్నామో చెప్పకుండా సగటు చెప్పకూడదన్న పాఠం, పుస్తకంలో ఎన్ని పేజీలు చదివినా ఇంత సూటిగా తలకెక్కదు. సాగు లెక్కలు తెలిసిన ఇంటి పిల్లలకు ఇది కొత్త కాకపోవచ్చు. తమకు తెలిసినదానికి గణాంకశాస్త్రంలో ఒక చోటు ఉందన్నదే వాళ్లకు కొత్త.

ఇంత లాభం ఉన్నా, క్షేత్రపర్యటన ఖర్చును మనం సరిగ్గా లెక్కగట్టడం లేదు. ఆ ఖర్చులో ఎక్కువ భాగం భరించేది విద్యార్థి కాదు, జవాబు చెప్పే మనిషి. కాలేజీకి దగ్గరగా, బస్సు దిగగానే చేరుకోగల ఊళ్లకే అందరూ వెళతారు. అదే వీధి, అవే గడపలు, ప్రతి వేసవీ కొత్త బ్యాచ్. గ్రామ సచివాలయం సర్వేకూ కాలేజీ సర్వేకూ తేడా ఊళ్లో అందరికీ తెలియాలని లేదు. యానాది కాలనీలో ఒక ముసలామె ‘ఇల్లు రాసుకుంటున్నారా నాయనా?’ అని అడిగితే, కాదని స్పష్టంగా చెప్పాలన్న శిక్షణ ఎంతమందికి ఇచ్చి పంపుతున్నాం? పేరు, కులం, అప్పు, జబ్బు, ఫోన్ నంబరు ఒకే కాగితం మీద రాసుకుని, మార్కులు పడ్డాక ఆ కాగితాన్ని ఏం చేస్తున్నాం? ఇక ఒక్క అధ్యాపకుడి మీద డజన్ల కొద్దీ విద్యార్థులు పడితే, చెట్టు కింద కూర్చుని నింపిన ఫారాలకూ గడప ముందు కూర్చుని నింపిన ఫారాలకూ తేడా పట్టుకోవడం ఆయన వల్ల కాదు. నిజాయితీగా కొలవడం నేర్పడానికి పెట్టిన పని, రద్దీ పెరిగితే నమ్మకంగా కల్పించడం నేర్పే ప్రమాదం ఉంది.

కాబట్టి సూత్రాలే ముందు అనేవారి జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. అయితే ఆ దారిలోనూ గుంటలు ఉన్నాయి. మన ప్రాజెక్టు రిపోర్టుల్లో 384 అన్న సంఖ్య తరచు కనిపిస్తుంది. పెద్ద జనాభాలో ఒక నిష్పత్తిని 95 శాతం విశ్వాసంతో, ఐదు శాతం అటూఇటూగా అంచనా కట్టాలంటే కావలసిన శాంపిల్ అది. ఆ లెక్క చెల్లాలంటే ప్రతి మనిషికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారం పంపి 384 జవాబులు పోగుచేస్తే సంఖ్య మాత్రమే కుదురుతుంది, హామీ కుదరదు. ఆ తర్వాత మెనూలో నాలుగు నొక్కులు, కై-స్క్వేర్ పట్టిక, పీ-విలువ 0.05 కన్నా తక్కువ వస్తే ‘సంబంధం ఉంది’ అన్న వాక్యం. పీ-విలువ ఒక్కదానితోనే శాస్త్రీయ నిర్ణయానికి రాకూడదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ప్రకటన చేయవలసి వచ్చిందంటే, ఈ అలవాటు మన ఒక్కరిదే కాదని తెలుస్తుంది. అలాగని సాఫ్ట్‌వేర్‌ను నిందించడం సరికాదు. ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి మెట్టూ కోడ్‌గా మిగులుతుంది గనుక, తప్పు ఎక్కడ జరిగిందో ఇంకొకరు వెతికి పట్టుకోవచ్చు. ఇంగ్లిషులో రాసే ఆ ఆజ్ఞలు మొదటి తరం విద్యార్థిని మొదటి నెలలోనే బెదరగొట్టవచ్చన్నదీ అంతే నిజం.

ఈ సందర్భంలో గణాంకవేత్త సి.ఆర్. రావు గుర్తుకొస్తారు. ఆయన బాల్యంలో కొంతకాలం గూడూరులో చదువుకున్నారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 1945 నాటి పరిశోధన పత్రంతో గణాంక సిద్ధాంతంలో చిరకాలం నిలిచే ఫలితాలు ఇచ్చారు. ఆ వెంటనే, 1946లో, గణాంకవేత్త మహలనోబిస్ ఆయనను కేంబ్రిడ్జికి పంపింది సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్విన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి. అంతటి సిద్ధాంతకర్తా ఎముకల కొలతల మధ్య ఏళ్లు గడిపారు. దీన్నిబట్టి క్షేత్రవాదులే గెలిచారనుకోవడానికి వీల్లేదు. ఆయన కొలతల దగ్గరికి వెళ్లింది సిద్ధాంతం చేతిలో ఉన్నాక.

ఊరికి వెళ్లకుండా, ఉన్న డేటాతోనే నేర్పవచ్చుగా అనేది మూడో మాట. జనగణన పట్టికలున్నాయి, జాతీయ నమూనా సర్వేల యూనిట్ స్థాయి డేటా ఉంది. ఎవరి గడపా తొక్కనక్కర లేదు, ఎవరి రహస్యమూ బయటపడదు. ఈ మాటలో చాలా బలం ఉంది. కానీ ఆ డేటాకూ దాని ఉచ్చులు దానికున్నాయి. 2011 జనగణనలో నెల్లూరు జిల్లా జనాభా 29,63,557. ఆ తర్వాత 2021లో జరగవలసిన గణన ఆ ఏడాది జరగలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. ఆ కందుకూరు 1970కి ముందు నెల్లూరు జిల్లాలోదే. ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లి, యాభై ఏళ్లు దాటాక తిరిగి వచ్చింది. ఈ సంగతి తెలియకుండా ‘నెల్లూరు జిల్లా’ అని రాసి ఉన్న వరుసలను ఏళ్లవారీగా పేర్చి గ్రాఫు గీస్తే, మనుషులు కదలకుండానే జనాభా కదిలినట్టు కనిపిస్తుంది. ఊరు తిరగని విద్యార్థికి ఇది గమనించడం కష్టం. గమనించేలా చెప్పే అధ్యాపకుడు ఉంటే, ఇంతకన్నా మంచి అభ్యాసం ఇంకొకటి ఉండదు.

ఫారంలో గడి లేని విషయాల సంగతి ఏమిటన్నది ఇంకో చిక్కు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమాన్ని కొలవడానికి ఎవరైనా పట్టిక గీసి ఉంటే, అందులో చదవగలిగినవారెందరు, సంతకం చేయగలిగినవారెందరు అన్న వరుసలే ఉండేవి. అదే జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణానికి ఎదురు తిరుగుతారని, ఆ పోరు రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళుతుందని ఏ ప్రశ్నావళీ ముందుగా ఊహించి గడి పెట్టలేదు. వినడం, రాసుకోవడం, ఊరికే కూర్చోవడం కూడా పద్ధతులేనని పిల్లలకు చెప్పకపోతే, వాళ్లు అంకెలు వచ్చినదే పరిశోధన అనుకుంటారు. అయితే అంకెలను చిన్నచూపు చూడటమూ ప్రమాదమే. రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఆంధ్ర, తమిళనాడు తీరాలను పరిశీలించిన పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ నివేదికలు కీలకమయ్యాయి. లాభం కన్నా నష్టమే ఎక్కువని తేల్చిన ఆ లెక్కలను పరిశ్రమ ఒప్పుకోలేదు. ఎవరిది సరైనదన్నది పక్కన పెట్టినా, అటు వేలమంది ఉపాధి, ఇటు తాగునీరు, పొలాలు ఒక లెక్కల పద్ధతి మీద ఆధారపడ్డాయి. ఆ లెక్కను చదివి ప్రశ్నించగలిగినవారు తీరంలోనే ఉండటం అవసరమా, కాదా?

ఇవన్నీ కలిపి చూస్తే, సర్వేను రద్దు చేయమనడానికి నాకు మనసొప్పదు, ఇప్పుడున్నట్టు సాగనివ్వమనడానికీ ఒప్పదు. ప్రశ్నలు పదికి మించకుండా ఉంటే, ఇళ్లను జాబితా నుంచి చీటీ తీసి ఎంచుకుంటే, నెల ఆదాయం బదులు సీజన్ల వారీగా పన్నెండు నెలలదీ అడిగితే, మరపడవలో వాటా మీద వెళ్లేవాడినీ చెరువు దగ్గర నెల జీతగాడినీ ఒకే గడిలో కుక్కకుండా ఉంటే, 180 గంటల్లో సాధ్యమైనంత మంచి పని జరగవచ్చు. మొదటి పట్టిక చేత్తో గీయించి, ఆ పైననే కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లడం మేలు. గణాంక పరీక్షల సూత్రాలు మూడో ఏడాదికి ఆగినా కొంప మునగదు. ఊరివాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన డేటాను కాలేజీ దాచిపెడితే, తర్వాతి బ్యాచ్ కొత్త గడపలు తొక్కకుండా దానితోనే సగం పాఠం నేర్చుకోవచ్చు. విశ్వవిద్యాలయ కాకుటూరు ప్రాంగణంలోని పీజీ విభాగాలు, ముత్తుకూరు మత్స్య కళాశాల ఆ డేటాను సరిచూసే బాధ్యత పంచుకుంటే ఇంకా మంచిది.

దీనికీ మూల్యం ఉంది. ప్రశ్నావళిని పై నుంచి ఇస్తే విద్యార్థి సొంతంగా ప్రశ్న వెతుక్కునే అవకాశం తగ్గుతుంది. పరిశోధనలో అసలు రుచి అక్కడే ఉందనేవారి మాట కాదనలేను. పదింటిలో రెండు ప్రశ్నలు విద్యార్థికే వదిలేయడం నాకు తోచిన సర్దుబాటు. అది చాలదని ఎవరైనా అంటే వాదించను.

వచ్చే వేసవికి కొత్త ఫారాలు అచ్చువేసే ముందు, ప్రతి కాలేజీ పోయిన మూడేళ్ల ఫారాలు ఎక్కడున్నాయో వెతికి చూడాలి. దొరికితే మొదటి వారం పాఠం వాటితోనే మొదలుపెట్టండి. దొరకకపోతే, ఈసారి ఇళ్ల సంఖ్య సగానికి తగ్గించి, మిగిలిన గంటలను సేకరించినదాన్ని భద్రపరచడం నేర్పడానికి వాడుకునే వెసులుబాటు ఇవ్వమని విద్యామండలిని అడగండి. తీరగ్రామాల సర్వేను జూన్ 14 తర్వాతకు జరపమని కూడా అదే అర్జీలో రాయండి.