తోడు

ఇంద్రియాలన్నింటిలో కన్ను ప్రధానమని పెద్దలన్నారు. ఆ కన్ను లోకాన్నంతా చూడగలదు కాని తన్ను తాను చూసుకోలేదు. అందులోని దోషాన్ని తరచుగా ముందు గుర్తించేది పక్కనున్న మనిషే.

కంటి క్యాన్సర్ రోగులలో వివాహితులు ఎక్కువ కాలం జీవిస్తున్నారని అమెరికా రోగుల వివరాలను పరిశీలించిన పరిశోధకులు గమనించారు. ఇతర క్యాన్సర్ల విషయంలో 2013లో ఏడు లక్షలకు పైగా రోగులపై జరిగిన పరిశీలన కూడా ఇదే తెలిపింది. అవివాహితులలో వ్యాధి ముదిరాక బయటపడడం, తగిన చికిత్స అందకపోవడం అధికమట! అంతమాత్రాన మాంగల్యమే ఔషధమనుకోరాదు. వేళకు మందు గుర్తుచేసే మాట, ఆసుపత్రికి వెంట నడిచే మనిషి ఉండడమే ఇందులోని మర్మమని నా అభిప్రాయం.

మన అచ్యుతాపురాన్నే చూడండి. ఆర్థిక మండలిలో పనికి వచ్చి అద్దె గదులలో ఒంటరిగా బతికేవారున్నారు. పూడిమడక తీరంలో ఎండకు ఎండుతూ వేట సాగించే మత్స్యకారులున్నారు. తీవ్రమైన ఎండ కంటిపొర క్యాన్సర్‌కు ఒక కారణం. కంటిమీద తెల్లని పొర పెరిగినా “కండ పెరిగిందిలే” అని ఊరుకుంటారు. విశాఖపట్నంలో 2006 నుండి ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. దారి దూరం కాదు. “పద, నేనూ వస్తాను” అనేవారే కరవు.

వివాహం అందరికీ జరగకపోవచ్చు. జరిగినా తోడు కడదాకా నిలవకపోవచ్చు. ఆ లోటును బంధువులు, పొరుగువారు, మిత్రులు తీర్చాలి. విద్యార్థులారా! మీరు వెచ్చించే ఒక్క పూట ఒంటరివాని ఆయుష్షును పెంచవచ్చు.