శిల్పి ఏకాంతం – ఆలయ విధి

పల్నాడు జిల్లాలోని దుర్గి రాతి శిల్పాలకు ప్రసిద్ధి. శిల్పి ఉలి పట్టి దేవతామూర్తిని మలచేటప్పుడు చూపే ఏకాగ్రత ఉపాసన వంటిదే. అయితే ఆ విగ్రహం ఆలయం చేరి, ప్రతిష్ఠ జరిగిన పిమ్మటనే పదిమందికి పూజనీయమవుతుంది. మరి పవిత్రతకు మూలం శిల్పి ఏకాంతమా? ఆలయ విధియా?

ఇందుకు సమాధానం పల్నాటి సీమలోనే లభిస్తుంది. క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకులు పాలించిన నాగార్జునకొండ విహారాలలో భిక్షువులకు వేర్వేరు గదులుండేవి. అందరూ ఆరాధించే చైత్యగృహమూ ఆ ప్రాంగణంలోనే ఉండేది. ఏకాంత ధ్యానానికీ, సామూహిక ఆరాధనకూ నాటివారు సమాన స్థానమిచ్చారు. నాగార్జునసాగర్ జలాశయంలో ఆ లోయ మునిగినప్పుడు కొన్ని కట్టడాలను కొండపైన, అనుపులో తిరిగి నిర్మించారు. స్థలం మారినా అక్కడ మౌనంగా నిలిచేవారి మనస్సు నేటికీ శాంతిస్తుంది.

కనుక ఆలయాలు, ఉత్సవాలు అనవసరమనడం తగదు. అనుభవానికి తరతరాలుగా దారి చూపేవి అవే. కాని వరుసల తొందరలో, రుసుముల లెక్కలో, మైకుల హోరులో భక్తునికి క్షణమైనా మౌనం దక్కకపోతే ఆ వ్యవస్థ తన లక్ష్యాన్ని మరచినట్లే. ప్రతి ఆలయంలోనూ నిశ్శబ్దానికి కొంత చోటు మిగలాలి.