ఒక ఎన్నిక, రెండు నియామకాలు

ఈ నెల మీకు రెండు మాటలు: ఎన్నిక, నియామకం. జనం ఓటు వేసి ఒకరిని పంపితే అది ఎన్నిక. పైవారు పిలిచి పదవి ఇస్తే అది నియామకం. నేనుండే యూఏఈలో ఒకే సభలో ఈ రెండు రకాల సభ్యులూ పక్కపక్కన కూర్చుంటారు.

ఆ సభ పేరు ఫెడరల్ నేషనల్ కౌన్సిల్. 1972లో మొదలైంది. ఇక్కడ ఏడు ఎమిరేట్లున్నాయి. ఎమిరేట్ అంటే మన రాష్ట్రంలాంటిదే అనుకోండి, కాకపోతే దాన్ని ఏలేది వంశపారంపర్యంగా వచ్చే పాలకుడు. సభలో మొత్తం 40 స్థానాలు. అబుదాబికి ఎనిమిది. 2006 దాకా అందరూ నియామకం మీద వచ్చినవారే. ఆ ఏడాది డిసెంబరులో మొదటిసారి సగం స్థానాలకు ఎన్నికలు పెట్టారు. ఓటర్లు దేశం మొత్తం మీద ఏడు వేలు కూడా లేరు. ఆ ఓటర్లనూ పాలకులే ఎంపిక చేశారు! తికమకగా ఉందా? నాకూ మొదట అలాగే ఉండేది.

అరవైమందికి పైగా ఆడవాళ్లు పోటీ చేశారు. గెలిచింది ఒక్కరే, అబుదాబి నుంచి డాక్టర్ అమల్ అల్ ఖుబైసీ. ఆమె చదివింది వాస్తుశిల్పం. అల్ ఐన్ పట్టణంలో పాత కట్టడాలను కాపాడే పని చేశారు, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. తర్వాత పాలకులు మరో ఎనిమిదిమంది స్త్రీలను నియమించారు. అలా సభలో తొమ్మిదిమంది అయ్యారు.

2011లో ఆమె మళ్లీ సభకు వచ్చారు, ఈసారి నియామకం మీద. ఉపసభాపతి అయ్యారు. 2015లో మళ్లీ నియామకం. ఆ నవంబరులో సభ్యులు ఆమెను సభాపతిగా ఎన్నుకున్నారు. అరబ్బు దేశాల్లో జాతీయ సభకు అధ్యక్షత వహించిన మొదటి మహిళ ఆమే. 2019 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. ఆ సభకు సొంతంగా చట్టం చేసే అధికారం లేదు. ముసాయిదాలు చర్చిస్తుంది, మార్పులు సూచిస్తుంది, మంత్రులను ప్రశ్నిస్తుంది. చివరి మాట సభది కాదు.

అందరూ 2015 గురించే చెబుతారు. నాకు మాత్రం 2006 పెద్దదనిపిస్తుంది. ఓటర్లు కొద్దిమందే అయినా, ఆ రోజు ఆమె పేరు ఎదుట గుర్తు పెట్టింది జనం. 2011లో ఓటర్ల జాబితా లక్షా ఇరవై వేలు దాటింది. అప్పుడు కూడా ఎన్నికల్లో గెలిచిన స్త్రీ ఒక్కరే, ఉమ్ అల్ క్వైన్ నుంచి. 2015లోనూ ఒక్కరే, రస్ అల్ ఖైమా నుంచి. 2019 నుంచి సగం స్థానాలు స్త్రీలకు ఇవ్వాలని నిర్ణయించారు.

ఇక్కడ నాకు ఓటు లేదు. పౌరులకే ఉంటుంది. నా ఓటు ఊళ్లో ఉంది, వేయాలంటే విమానమెక్కి వెళ్లాలి.

ఓటు ఎవరికి ఉండాలి అన్న ప్రశ్న మీ ఇళ్లకు కొత్తది కాదు. నాటాల్‌లో చెరకు తోటలకు వెళ్లినవారి తరంలోనే, 1896లో, భారతీయులకు శాసనసభ ఓటు దక్కకుండా చట్టం చేశారు. మారిషస్‌లో కథ వేరేలా నడిచింది. 1948 ఎన్నికల నాటికి ఆ దీవి భాషల్లో ఏదో ఒకదానిలో చిన్న వాక్యాలు చదవడం, రాయడం వస్తే ఓటు ఇచ్చారు. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది. అంటే మీరిప్పుడు కష్టపడి కూడబలుక్కుంటున్న ఈ అక్షరాలే అప్పుడు ఒక కూలీ మనవరాలికి ఓటు తెచ్చిపెట్టగలిగేవి. గుణింతం దగ్గర విసుగొచ్చినప్పుడు నాకిది గుర్తొస్తుంది.

ఈ నెల పని: మీ ఇంట్లో మొదట ఓటు వేసిన ఆడమనిషి ఎవరు? అమ్మమ్మా, నానమ్మా, ముత్తవ్వా? పెద్దవాళ్లను అడిగి అయిదు వాక్యాలు రాసి పంపండి. ‘ఎన్నిక’ అన్న మాట ఒక్కసారైనా రావాలి. ‘న్న’ ఒత్తు మర్చిపోకండి.