పాత మందిరం: కూల్చే ముందు

పాత మందిరాన్ని పడగొట్టి పెద్దది కడదామన్న మాట మన ప్రాంతపు సంఘ కమిటీల్లో తరచుగా వినబడుతోంది. చెప్పే కారణాలు రెండు: ఆదివారం జనం పట్టడం లేదు, గోడలు బీటలిచ్చాయి. మొదటిది నిజమే కావచ్చు. దానికి రెండో ఆరాధన పెట్టుకోవచ్చు, పక్కన హాలు కట్టుకోవచ్చు. రెండోదాన్ని మాత్రం నిదానించి చూడాలి.

మిర్చి, పత్తి పండే మన నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది దానితోపాటే కదులుతుంది. కాబట్టి బీట కనబడగానే కట్టడానికి ఆయుష్షు తీరిందనుకోనక్కరలేదు. చాలాసార్లు అసలు దోషం చూరునీరు గోడ మొదట్లోనే ఇంకిపోవడం. ఆ నీటిని దూరంగా పంపే కాలువ తీయడం, పైకప్పు కారకుండా చూడడం, గోడల్లో మొలిచిన రావి మొక్కలను వేళ్లతో తీయించడం ముందు జరగాలి. సున్నపు గోడకు సిమెంటు పూయించడం మంచి మనసుతో చేసే చెరుపు. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది, కొన్నేళ్లకు ఇటుక పొడిగా రాలుతుంది.

1842 జులై 31న హయ్యర్ గుంటూరు చేరారు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం మిషనరీల పేర్లే చెప్పుకుంటాం గాని, ఆ రోజు నీళ్లలోకి దిగినవారిలో అత్యధికులు కరువులో చితికిన మాదిగ కుటుంబాలవారు. అంతకుముందే క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆ ప్రజలకు కూలి పని ఇచ్చారు. ఊరి గుడి గడప తొక్కనివ్వని వారు తలెత్తుకొని కూర్చున్న చోట్లు మన పాత మందిరాలు. వాటిని ఇటుకల లెక్కన చూడలేం.

ప్రభుత్వం ఆపుతుందనుకోవద్దు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకటించినవాటినే కాపాడుతుంది, వందేళ్లు నిండిన ప్రతి కట్టడాన్నీ కాదు. పల్లె మందిరానికి సంఘమే దిక్కు.

ఇక డబ్బు. యోవాషు దినాల్లో యాజకులు సొమ్ము తీసుకున్నారు, ఇరవైమూడో ఏటికి కూడా మందిరం బాగుపడలేదు (2 రాజులు 12). అప్పుడు యెహోయాదా పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం దగ్గర ఉంచాడు. రాజు తరఫు అధికారి, ప్రధాన యాజకుడు కలిసి లెక్కపెట్టేవారు. ఆ సొమ్ము పనివారికి చేరింది. పాస్టర్లమైన మాకు ఈ అధ్యాయం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

కూల్చివేత తీర్మానం రాసే ముందు, సున్నపు కట్టడాలు తెలిసిన ఇంజనీరు చేత, కొత్త కాంట్రాక్టు ఆశించని వ్యక్తి చేత, రాతపూర్వక నివేదిక తీసుకోండి. దాన్ని సంఘమంతటి ముందు తెలుగులో చదివించండి. బీట మీద తేదీ రాసిన గాజుముక్క అతికించి ఒక వానకాలం, ఒక ఎండాకాలం చూడమనండి. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టు. అప్పటిదాకా ఆ గోడ పక్కన సండేస్కూలు పిల్లలను కూర్చోబెట్టకండి.