పటం మీద పడని ప్రమాదాలు
108 నమోదులు, పోలీసు కేసులు కలిస్తేనే అసలు చిత్రం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: రోడ్డు ప్రమాదం జరిగిన వెంటనే చుట్టుపక్కల వారు చేసే మొదటి పని 108కు ఫోన్ చేయడం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ప్రారంభమైన ఈ సేవ అనతికాలంలోనే పల్లెలకూ చేరింది. ఫోన్ వచ్చిన సమయం, వాహనం బయలుదేరిన సమయం, ఘటనా స్థలికి చేరిన సమయం, క్షతగాత్రుడిని ఆసుపత్రిలో అప్పగించిన సమయం.. ప్రతిదీ నమోదవుతుంది. ఈ వివరాలను పట్టణ పటంపై చుక్కలుగా పెడితే ఏ మలుపు ఎందరిని గాయపరుస్తోందో తెలుస్తుంది.

ఆ అవసరం ఎందుకంటే, ప్రస్తుతం ప్రమాద స్థలాలను గుర్తించే కొలమానం ప్రధానంగా జాతీయ రహదారులను దృష్టిలో పెట్టుకుని రూపొందింది. దాదాపు 500 మీటర్ల మేర మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది మరణించినా దానిని 'బ్లాక్ స్పాట్'గా పరిగణిస్తారు. జగిత్యాల పాత బస్టాండ్ వంటి రద్దీ కూడలిలో వేగం తక్కువ. అక్కడ ద్విచక్ర వాహనం తగిలి కాలు విరిగిన వ్యక్తి కేసు లేకుండా రాజీ పడితే అది ఏ లెక్కలోకీ రాదు. కూలి చేసుకునే మనిషికి ఆరు నెలలు మంచం పట్టడం చిన్న విషయమేమీ కాదు.

పెద్ద దుర్ఘటనలు మాత్రం జనం మదిలో నిలిచిపోతాయి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మృత్యువాత పడ్డారు. ఒక్కొక్కరుగా పోయే ప్రాణాలకు అంత గుర్తింపు లేదు. 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే.

ఆటోలో వెళ్లినవారి లెక్క?

అయితే 108 పటం ఒక్కటే చూసినా పొరపాటే. పట్టణం నడిబొడ్డున దెబ్బ తగిలితే అంబులెన్సు కోసం ఎవరూ ఆగరు. ఆటో ఎక్కించి దగ్గరి ప్రైవేటు ఆసుపత్రికి తరలిస్తారు. ఫలితంగా ఆసుపత్రులు చేరువగా ఉన్న వీధులు పటంపై సురక్షితంగా, శివార్లు ప్రమాదకరంగా కనిపించే అవకాశం ఉంది. ఆసుపత్రుల అత్యవసర విభాగాల రిజిస్టర్లను జోడిస్తే తప్ప ఈ లోపం తీరదు.

మరో చిక్కు కూడా ఉంది. అంబులెన్సు నమోదు ఆసుపత్రి గడప వద్దే ముగుస్తుంది. తలకు బలమైన గాయమైతే జగిత్యాల నుంచి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలోని కరీంనగర్‌కు, అవసరమైతే వరంగల్ ఎంజీఎంకు, హైదరాబాద్‌కు పంపుతారు. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు మరణిస్తే దానిని రోడ్డు ప్రమాద మరణంగానే లెక్కించాలి. ఆ సమాచారం మొదటి చుక్కతో ముడిపడకపోతే, ప్రాణం తీసిన మలుపు సైతం కేవలం గాయపరిచిన మలుపుగానే మిగిలిపోతుంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఈ సమాచార సేకరణకు అవి అనువైన కేంద్రాలు.

వేళ కూడా ముఖ్యమే

స్థలంతోపాటు సమయాన్నీ చూడాలి. సిరిసిల్లలో సాంచాల కార్మికులు రాత్రి, పగలు షిఫ్టులు మారే వేళ రోడ్డెక్కుతారు. నిద్రలేమితో సైకిల్‌పై ఇల్లు చేరేవారికి మధ్యాహ్నం గీసిన పటం పనికిరాదు. కోరుట్లలో 63వ నంబరు జాతీయ రహదారే పట్టణ వీధి కూడా. దూర ప్రాంతాల లారీలు, బడి పిల్లల ఆటోలు అదే దారిన సాగాలి. కోతల కాలంలో శివారు రోడ్లపై వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చడం ఇక్కడ పరిపాటి. ఆ రెండు నెలల ప్రమాదం ఏడాది సగటులో కలిసి కనుమరుగవుతుంది.

ఐఐటీ మద్రాసు రూపొందించిన 'ఐరాడ్' విధానంలో పోలీసులు ప్రమాద స్థలి నుంచే వివరాలు నమోదు చేస్తారు. రవాణా, రహదారులు, ఆరోగ్య శాఖలకూ అందులో పాత్ర ఉంది. దానిపై 108 చుక్కలను పరిస్తే, పోలీసు కేసు లేని చోట అంబులెన్సు పదేపదే ఆగిన మలుపులు బయటపడతాయి. జిల్లా రహదారి భద్రతా కమిటీ ముందుగా చూడవలసినవి అవే. అక్కడ కావలసింది చాలాసార్లు ఒక వీధి దీపం, ఒక వేగ నిరోధకం, మలుపును కమ్మేసిన ఫ్లెక్సీ తొలగింపు మాత్రమే. రాత్రి అంబులెన్సును ఎక్కడ నిలిపి ఉంచాలన్నదీ అదే పటం చెబుతుంది.